నూనె నీళ్లలో ఎందుకు కరగదు? ఏది కరుగుతుందో, ఏది కరగదో వంటింట్లోనే తేల్చుకునే పద్ధతి

"వెన్న కరిగింది" అంటాం. "పంచదార కరిగింది" అనీ అంటాం. మాట ఒక్కటే, జరిగే పనులు మాత్రం రెండు. వెన్న కరగడానికి వేడి చాలు, పక్కన ఇంకో పదార్థం అక్కర్లేదు. పంచదార కరగడానికి నీళ్లు కావాలి, వేడి లేకపోయినా పర్లేదు. మొదటిదాన్ని పాఠ్యపుస్తకాల్లో ద్రవీభవనం అంటారు. రెండోది ద్రావణం తయారవడం. నేను పిల్లలకు సైన్సు చెబుతాను. ఈ పాఠంలో వాళ్ల తికమక ఎక్కువగా ఈ ఒక్క మాట దగ్గరే మొదలవడం చూశాను. అందుకే ముందే చెబుతున్నా: ఇక్కడ కరగడం అంటే నీళ్లలో కరగడమే.

తికమక పెట్టేది ఇంకొకటి ఉంది. నూనె నీళ్లలో ఎందుకు కలవదని అడిగితే చాలామంది "నూనె తేలిక కాబట్టి" అంటారు. నూనె పైకి తేలడానికి అది కారణం, నిజమే. లీటరు వేరుశెనగ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది, లీటరు నీళ్లు కిలో. కానీ కలవకపోవడానికి అది కారణం కాదు. స్పిరిట్ నూనె కంటే కూడా తేలిక, అయినా నీళ్లలో ఎంత పోసినా కలిసిపోతుంది. క్లోరోఫామ్ నీళ్ల కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. అది కలవదు సరికదా, అడుగున వేరే పొరగా కూర్చుంటుంది. బరువుకూ కరగడానికీ సంబంధం లేదని ఈ రెండూ తేల్చేస్తాయి. మరి దేనికి సంబంధం? ఒక్కో మెట్టూ ఎక్కుతూ చూద్దాం.

మొదటి మెట్టు: కరిగిందా, కలిసిందా?

మూడు గాజు గ్లాసులు తీసుకుని సగం దాకా మంచినీళ్లు పోయండి. ఒకదాంట్లో చెంచా ఉప్పు, ఇంకొకదాంట్లో నాలుగు చుక్కల పాలు, మూడోదాంట్లో చిటికెడు మైదా వేసి బాగా కలపండి. గదిలో లైటు తీసేసి, ఫోన్ టార్చ్ వెలుతురును గ్లాసుకు ఒక పక్క నుంచి వేసి, ఇంకో పక్క నుంచి చూడండి.

ఉప్పు నీళ్లలో వెలుతురు దారి దాదాపు కనబడదు. పాల చుక్కలు వేసిన గ్లాసులో ఆ దారి తెల్లటి చారలా, కాస్త నీలంగా మెరుస్తుంది. మైదా గ్లాసులో మసక మసకగా ఉండి, గంట తర్వాత అడుగున పొర కడుతుంది. ఉప్పు విడివిడి అయాన్లుగా, అంటే విద్యుదావేశమున్న కణాలుగా విడిపోయింది, వెలుతురుకు అడ్డుపడేంత ముక్కలేవీ అందులో మిగల్లేదు. పాలలోని కొవ్వు కరగలేదు, సన్నటి బొట్లుగా తేలుతోంది. మైదా రెండూ కాదు, నీళ్లలో ఊరికే వేలాడి కిందికి దిగింది.

అన్యోన్యంగా ఉండే దంపతుల్ని పాలూ నీళ్లలా కలిసిపోయారంటాం. పాలను దగ్గరగా చూస్తే ఆ కలయిక వెనక చాలా ఏర్పాటు ఉంది. గేదె పాలలో 6-7 శాతం దాకా కొవ్వు ఉంటుంది. ఒక్కో కొవ్వు బొట్టు చుట్టూ ఒక పలుచటి పొర ఉండి, బొట్లు ఒకదాంతో ఒకటి అతుక్కోకుండా కాపాడుతుంది. కవ్వంతో చిలికేటప్పుడు మనం చించేది ఆ పొరనే. చినగగానే కొవ్వంతా ఒకచోట చేరి వెన్నముద్ద అవుతుంది. నిజంగా కరిగిన పదార్థమైతే ఎంత చిలికినా విడిపోదు. ఉప్పు నీళ్లను రోజంతా చిలికి చూడండి!

రెండో మెట్టు: నీటి స్వభావం తెలుసుకోండి

నీటి అణువులో ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు ఉంటాయి. ఇవి సరళరేఖలో ఉండవు, సుమారు 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉంటాయి. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కోవడంతో అటు కాస్త ఋణావేశం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం మిగులుతాయి. దాంతో ఒక అణువు హైడ్రోజన్ ఇంకో అణువు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. దీన్నే హైడ్రోజన్ బంధం అంటారు. ఒక్కో నీటి అణువు చుట్టూ నాలుగింటితో దాకా ఇలా బంధం కలుపుకోగలదు.

ఈ బంధాలు బిగుసుకుని ఉండిపోవు. ఒక్కోటీ సెకనులో లక్ష కోట్లో వంతు కాలం ఉండి తెగుతుంది, అంతలోనే ఇంకొకదాంతో కలుస్తుంది. కోలాటం చూసినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. ఒకరి కోల ఇంకొకరి కోలకు తగులుతుంది, మరుక్షణం జత మారుతుంది, ఎవరూ ఖాళీగా ఉండరు.

ఆ ఆట నడుమకు చేతిలో కోలలు లేని మనిషి వచ్చి నిలబడ్డాడనుకోండి. అతని పక్కనున్నవాళ్లు ఆట ఆపరు. కాకపోతే అతని వైపు తిరిగితే కోల తగిలించడానికి ఎవరూ లేరు కాబట్టి, మిగతా వైపులకే తిరిగి ఆడాలి. వాళ్లు తిరగగలిగే దిక్కులు తగ్గిపోయాయి. కోలలు లేనివాళ్లు పదిమంది తలోచోట నిలబడితే, ఒక్కొక్కరి చుట్టూ ఇంతమంది చొప్పున ఆటగాళ్లు ఇబ్బంది పడతారు. అదే పదిమందీ ఒకచోట గుమికూడితే, ఆ గుంపు అంచున ఆడేవాళ్లకు మాత్రమే ఇబ్బంది.

నూనె అణువులు ఆ కోలలు లేని మనుషులు. వాటిని ఒకచోటికి చేర్చేది నీటి ఆటే. నూనె బొట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడానికి అసలు కారణం ఇది. "నూనెకు నీళ్లంటే పడదు" అనే మాట ఎక్కడ విన్నా నాకు సర్దిచెప్పాలనిపిస్తుంది, ఎందుకంటే పడకపోవడం అన్నదే లేదు. 1774లో అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ అచ్చువేసిన పరిశీలన ఒకటుంది. లండన్ దగ్గర క్లాఫామ్‌లోని చెరువులో ఆయన ఒక చిన్న చెంచాడు నూనె పోస్తే, అది పాకుతూ పోయి అర ఎకరం మేర అలల్ని అద్దంలా నునుపు చేసింది. నీళ్లంటే గిట్టని వస్తువే అయితే ముద్దలా ఒక మూలకు ముడుచుకోవాలి కానీ అంత పలచగా పరుచుకోదు. నూనె నీళ్లను వద్దనదు. నీటి అణువులు తమలో తాము పట్టుకునే పట్టు ముందు నూనె చూపే పట్టు చాలదు, అంతే.

మూడో మెట్టు: ఆక్సిజన్లు లెక్కపెట్టండి

ఏదైనా పదార్థం నీళ్లలో కరుగుతుందా లేదా అనేదాన్ని ఒక్క ప్రశ్నతో అంచనా వేయొచ్చు. నీటి అణువులు వదులుకునే పట్టుకు బదులుగా ఇది ఏం ఇవ్వగలదు?

పంచదార అణువులో 12 కార్బన్లు, 11 ఆక్సిజన్లు. అందులో నీటితో చేయి కలిపే ఓహెచ్ గుంపులే (ఒక ఆక్సిజన్, దానికి అతుక్కున్న ఒక హైడ్రోజన్) ఎనిమిది. ఎటు తిరిగినా కోలలే! వంటనూనెల్లో ఉండే ట్రయోలీన్ అనే కొవ్వు అణువును తీసుకుంటే, 57 కార్బన్లకు ఆక్సిజన్లు కేవలం ఆరు. ఆ ఆరూ అణువు తల దగ్గరే ఉంటాయి. 18 కార్బన్ల పొడవున్న మూడు తోకల్లోనూ నీళ్లు పట్టుకోవడానికి ఏమీ లేదు. ఉప్పుది వేరే దారి. అది సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. ధనావేశమున్న సోడియం చుట్టూ నీళ్లు ఆక్సిజన్ వైపు పెట్టి మూగుతాయి, క్లోరైడ్ చుట్టూ హైడ్రోజన్ వైపు పెట్టి మూగుతాయి.

ఈ లెక్క ఎక్కడ తిరగబడుతుందో ఆల్కహాల్ వరసలో చక్కగా కనిపిస్తుంది. మిథనాల్, ఇథనాల్, ప్రొపనాల్‌లలో కార్బన్లు వరసగా ఒకటి, రెండు, మూడు. ఈ మూడూ నీళ్లలో ఎంతైనా కలుస్తాయి. నాలుగు కార్బన్ల బ్యుటనాల్ 100 మిల్లీలీటర్ల నీళ్లలో 7-8 గ్రాములే కరుగుతుంది. ఆరు కార్బన్ల హెక్సనాల్ గ్రాము కూడా కరగదు. అన్నింటికీ ఓహెచ్ గుంపు ఒక్కటే, తోక పొడవు మాత్రమే మారింది. తోక పెరిగేకొద్దీ అది నూనె బంధువైపోతుంది.

నాలుగో మెట్టు: కళ్లారా చూడండి

మూతున్న చిన్న గాజు సీసాలో 100 మిల్లీలీటర్ల నీళ్లు, రెండు పెద్ద చెంచాల వేరుశెనగ నూనె, అర చెంచా కారం వేసి గట్టిగా ఊపండి. కింద పెట్టి వెంటనే కళ్లు దగ్గరగా పెట్టి చూడండి. మొదట అంతా బురదలా ఉంటుంది. పావు నిమిషంలో ఆవగింజంత బొట్లు పైకి లేవడం మొదలవుతుంది. రెండు బొట్లు ఆనుకుని, కాసేపు అలాగే ఉండి, ఉన్నట్టుండి ఒక్కటైపోతాయి. ఆ ఒక్క క్షణాన్ని పట్టుకోండి, కోలలు లేనివాళ్లు ఒకచోట చేరడమంటే అదే. గంటాగి చూస్తే పైన నూనె ఎర్రగా, కింద నీళ్లు కాస్త మడ్డిగా, అడుగున కారం పొట్టు. రంగంతా నూనెకే పోయింది.

ఇంకో సీసాలో కారం బదులు బీట్‌రూట్ తురుము వేయండి. ఈసారి నీళ్లు ఎర్రబడతాయి, నూనెకు రంగంటదు. బీట్‌రూట్ రంగు నీటి జట్టు, మిరప రంగు నూనె జట్టు.

మన వంట సగం ఈ తేడా మీదే నడుస్తుంది. తాలింపు నూనెలోనే ఎందుకు వేస్తాం? ఇంగువ, ఎండుమిర్చి, కరివేపాకుల వాసననిచ్చే పదార్థాల్లో ఎక్కువ భాగం నూనెలోకే దిగుతాయి కాబట్టి. ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనె అంత ఎర్రగా ఉండేదీ అందుకే. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ కూడా నూనె జట్టే. కారం నషాళానికి అంటినప్పుడు చెంబుడు నీళ్లు తాగినా మంట నోట్లో అటూ ఇటూ తిరుగుతుంది తప్ప పోదు. గడ్డపెరుగు ఒక ముద్ద తినండి. అందులోని కొవ్వు, కేసీన్ ప్రోటీన్ ఆ మంటను పట్టుకుపోతాయి. విటమిన్లలోనూ ఇదే పంపకం. ఎ, డి, ఇ, కె కొవ్వులో కరుగుతాయి. బి, సి నీళ్లలో కరుగుతాయి, అందుకే బియ్యాన్ని నాలుగైదు సార్లు కడిగితే బి విటమిన్లు కొంతవరకు ఆ కడుగు నీళ్లతోనే పోతాయి.

ఐదో మెట్టు: ఎంత కరుగుతుంది, ఎంత వేడిలో?

కరిగే పదార్థానికీ హద్దుంటుంది. గది వేడిలో 100 గ్రాముల నీళ్లలో ఉప్పు సుమారు 36 గ్రాములు కరుగుతుంది. నీళ్లు మరిగించినా 39 గ్రాములే. పంచదార అయితే గది వేడిలోనే 200 గ్రాముల దాకా, మరిగే నీళ్లలో 480 గ్రాములు దాటుతుంది. పాకం పట్టగలగడానికి ఈ తేడాయే ఆధారం. అంతటి పంచదారను వేడిలో ఇముడ్చుకున్న పాకం చల్లారాక మోయలేదు, మిగిలింది గింజకడుతుంది. గులాబ్ జామూన్ పాకంలో రెండు చుక్కల నిమ్మరసం పిండేది దీనికే. పులుపు కొంత పంచదారను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. రకరకాల అణువులు కలగలిసి ఉంటే స్ఫటికం తేలిగ్గా పేరుకోలేదు.

వేడిచేస్తే అన్నీ ఎక్కువ కరుగుతాయనుకోకండి. సున్నం వేడి నీళ్లలో తక్కువ కరుగుతుంది. వాయువులు కూడా అంతే. ఎండలో పెట్టిన సోడా మూత తీయగానే బుస్సుమని పొంగేది లోపలి గ్యాస్ నీళ్లలో నిలవలేకే. గాలిలోని ఆక్సిజన్ సున్నా డిగ్రీల మంచినీళ్లలో లీటరుకు 14.6 మిల్లీగ్రాములు కరుగుతుంది, 30 డిగ్రీలకు వచ్చేసరికి సుమారు 7.5. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతుంటాయి చూడండి, అవి ఈ అంకెతోనే పోరాడుతుంటాయి. రాత్రంతా నీళ్లలోని నాచు ఆక్సిజన్ తయారుచేయదు, పైగా వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోతే రైతుకు ఎంత టెన్షనో చెరువు గట్టున నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది.

ఆరో మెట్టు: లెక్క తప్పినట్టు కనిపించే చోట్లు

సుద్దలోనూ అయాన్లే ఉన్నాయి, మరి ఉప్పులా కరగదేం? దూది అణువు నిండా ఓహెచ్ గుంపులే, మరి నూలు చొక్కా ఉతికితే కరిగిపోదేం? మంచి ప్రశ్నలు. రెండింటికీ జవాబు ఒకటే. కరగాలంటే నీటి పట్టు ఒక్కటే చూస్తే సరిపోదు, ఆ పదార్థం తనను తాను ఎంత గట్టిగా పట్టుకుందో కూడా చూడాలి. సుద్దలోని కాల్షియం, కార్బొనేట్ అయాన్లకు రెండేసి ఆవేశాలు, వాటి పట్టు గట్టిది. లీటరు నీళ్లలో 15 మిల్లీగ్రాములు కూడా కరగదు. దూదిలోని సెల్యులోజ్ పొడవాటి గొలుసులు ఒకదాన్నొకటి వరసగా పట్టుకుని ఉంటాయి. నీళ్లు తడుపుతాయి, విడదీయలేవు.

అయితే వాననీళ్లు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టుకొస్తే సున్నపురాయి కరిగే బైకార్బొనేట్‌గా మారుతుంది. అరకు దారిలోని బొర్రా గుహలు, నంద్యాల జిల్లాలోని బెలూం గుహలు అలా తొలిచినవే. మన బోరు నీళ్లలో కాల్షియం కలిసేదీ చాలా చోట్ల ఇలాగే. ఈ బోరు నీళ్ల సంగతి కింద మళ్లీ వస్తుంది.

ఏడో మెట్టు: మధ్యవర్తిని పిలవండి

నూనెనూ నీళ్లనూ కలపాలంటే రెండు వైపులా చుట్టరికం ఉన్న అణువు కావాలి. సబ్బు అణువు తల నీటి జట్టు, తోక నూనె జట్టు. తోకలన్నీ జిడ్డు బొట్టులో గుచ్చుకుంటాయి, తలలు బయట నీళ్ల వైపు ఉంటాయి. అలా చుట్టుముట్టిన జిడ్డు నీళ్లతో కొట్టుకుపోతుంది. ఇందాకటి కారం సీసాలో నాలుగు చుక్కల గిన్నెల సబ్బు వేసి ఊపండి, బొట్లు ఒకటవడానికి ఎంత ఆలస్యమవుతుందో చూడండి.

కుంకుడుకాయలో ఇదే పని చేసేవి సపోనిన్లు. వాటి తల పంచదార చుట్టం, తోక జిడ్డు చుట్టం. కాయలు చితక్కొట్టి, గింజలు తీసేసి, వేడినీళ్లలో నానబెట్టి పిసికితే నురగొస్తుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో దీనికో మేలుంది. మామూలు సబ్బు కాల్షియంతో కలిసి కరగని తెట్టుగా మారుతుంది, బకెట్ అంచుకు పట్టే తెల్లటి జిగురు అదే. సపోనిన్ తలకు ఆవేశం లేదు కాబట్టి కాల్షియం దాన్ని అలా పట్టుకోలేదు. బోరు నీళ్లలో సబ్బు నురగ రాలేదంటే సబ్బు మంచిది కాదని కాదు, మొదట రుద్దిందంతా ఆ కాల్షియానికే ఖర్చయిపోతుందని.

మధ్యవర్తి పలచబడితే ఏమవుతుందో చూడాలంటే డెట్టాల్ నీళ్లలో పోయండి. సీసాలో తేటగా ఉన్నది తెల్లగా విరుగుతుంది. అందులోని నూనె జట్టు పదార్థాల్ని ఆల్కహాల్, సబ్బు పట్టి ఉంచుతాయి. నీళ్లు ఎక్కువయ్యేసరికి ఆ పట్టు చాలక సన్నటి బొట్లుగా బయటపడతాయి.

ఎనిమిదో మెట్టు: మరక ఏ జట్టుదో కనుక్కుని, ఆ జట్టు ద్రవమే వాడండి

చక్కెర, టీ, బీట్‌రూట్ మరకలకు ముందు చల్లటి నీళ్లే. చేతులకు బండి గ్రీజు అంటితే కిరోసిన్ జోలికి పోకండి, చర్మం పాడవుతుంది. చెంచాడు వంటనూనె పోసి బాగా రుద్ది, గ్రీజు వదులయ్యాక సబ్బుతో కడగండి. పనసకాయ కోసేముందు చేతులకు, కత్తికి నూనె రాసుకునేదీ ఇందుకే. పనస కోస్తే కారే జిగురు పాలు నీళ్లకు లొంగవు, నూనెకు లొంగుతాయి. స్టిక్కర్ జిగురుకూ నూనే. బాల్‌పెన్ మరకకు స్పిరిట్ కానీ శానిటైజర్ కానీ దూదితో అద్దండి, రుద్దితే పాకుతుంది. గోళ్ల రంగుకు అసిటోన్.

పసుపు మరక గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మా ఇంట్లో ఓసారి తెల్ల చొక్కా మీద పప్పు ఒలికింది. సబ్బు రుద్దగానే మరక కాస్తా ఎర్రగా మారింది. చొక్కా పాడైపోయిందనే అనుకున్నాం. నిజానికి పసుపుకు రంగునిచ్చే కర్‌క్యుమిన్ సబ్బు, సున్నం లాంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పారాణి ఎర్రదనం కూడా పసుపులో సున్నం కలపడం వల్లే. కాసిని నిమ్మచుక్కలు పిండితే మళ్లీ పసుపుపచ్చకే వచ్చింది. కర్‌క్యుమిన్ నీళ్లలో కరగదు కాబట్టి ఎన్ని బకెట్లు పోసినా లాభం లేదు. గిన్నెల సబ్బుతో నూనె తీసి, బాగా జాడించి, తడిగా ఉండగానే ఎర్రటి ఎండలో ఆరేయండి. ఆ రంగును ఎండే విరగ్గొడుతుంది. మాకు రెండు రోజులు పట్టింది.

చివరగా, ఒక్క చోట నీళ్లు అస్సలు వాడొద్దు

మూకుడులో నూనె అంటుకుంటే చేతికందిన చెంబు ఎత్తి నీళ్లు పోయాలనిపిస్తుంది. పోయకండి. నీళ్లు నూనెలో కలవవు, బరువు కాబట్టి అడుగుకు దిగుతాయి. అక్కడి నూనె 200 డిగ్రీలు దాటి ఉంటుంది. నీళ్లు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు వ్యాకోచిస్తాయి. ఆ ఆవిరి మండుతున్న నూనెను చిమ్ముకుంటూ పైకి లేచి కప్పు దాకా మంట లేపుతుంది. స్టవ్ కట్టేయండి. మూకుడును కదపకండి. వెడల్పాటి లోహపు మూత గానీ పళ్లెం గానీ పక్క నుంచి జరుపుతూ కప్పేయండి. మంట ఆరిందనిపించినా మూత ఎత్తి చూడొద్దు, మూకుడు పూర్తిగా చల్లారేదాకా అలాగే ఉంచండి.